వదిన కొవ్వు, మరదలి బుగ్గ

లోకంలో రక్తం ఇచ్చేవాళ్లున్నారు, పోయాక కళ్లు ఇస్తామని మాటిచ్చేవాళ్లున్నారు. నేను కొవ్వు ఇవ్వబోయాను. అది కూడా చాటుమాటుగా కాదు. రాయగడ బజారంతా చాటింపు వేసి, మెడలో దండ వేయించుకుని, శాలువా కప్పించుకుని మరీ ఇవ్వబోయాను. ఆ తర్వాత జరిగిన ఘోరం చెప్పకపోతే నా కడుపు ఉబ్బుతుంది, చెబితే మీ కడుపు ఉబ్బుతుంది. నాది ఇప్పటికే చాలినంత ఉబ్బి ఉంది కనుక చెప్పేస్తాను.

మాది ఒడిశా రాయగడలో నూనెల టోకు కొట్టు. మా మామగారి పెద్దలు ఎప్పుడో బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పద్మపూర్ నుంచి నారాయణపట్న దాకా చిన్న కొట్లవాళ్లు మా దగ్గరే టిన్నులు పట్టుకెళతారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే మామగారు నన్ను గల్లాపెట్టె పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కుర్చీలో ఖాళీ తగ్గింది, నాలో అహంకారం పెరిగింది. జిడ్డున్న పదార్థం ఏదైనా సరే, దాని గుట్టు నాకు తెలియనిది లేదని నా నమ్మకం. ఈ కథలో సగం తప్పు ఆ నమ్మకానిదే. మిగతా సగం నాది.

ఇక మణి సంగతి. మణి మా ఆయన చెల్లెలు. నేను వచ్చేనాటికి రెండు జడలేసుకుని బడికి వెళ్లే పిల్ల. మా అత్తగారు అప్పటికే పోయారు. అందుచేత దానికి జడలు వేసిందీ, ముద్దలు కలిపి పెట్టిందీ, అల్లరి చేస్తే వీపు మీద ఒకటి వేసిందీ నేనే. నేను రాకముందు దాని ఎడమ బుగ్గలో గడ్డ లేచి, చీము పట్టి, కోయించాల్సి వచ్చిందట. గడ్డ పోయింది, బుగ్గలో సొట్ట మిగిలింది. నవ్వినప్పుడు పడే ముద్దొచ్చే సొట్ట కాదది. నవ్వినా ఏడ్చినా ఉండేది.

మా కొట్లో సొట్టపడ్డ టిన్నులు పక్కన పెట్టేస్తాం, బేరగాళ్లు తీసుకోరని. ఒకరోజు మణి బడి నుంచి వచ్చి, ఆ టిన్నుల పక్కన నిలబడి, "వదినా, నన్ను కూడా ఇక్కడే పెట్టీస్తారా?" అని అడిగింది. నేను గిన్నెడు జంతికలు దాని చేతిలో పెట్టాను. ఆ మాట ఎప్పుడు గుర్తొచ్చినా నాకు ఏడుపొస్తుంది.

అది చక్కగా చదువుకుని కొరాపుట్‌లో టీచరైంది. అయినా ఫోటో అనేసరికి చివర నిలబడి ముఖం పక్కకి తిప్పేస్తుంది. మా ఇంటి ఫోటోలన్నిటిలోనూ దాని కుడి చెవి మాత్రం బ్రహ్మాండంగా పడింది. ఎవరైనా బుగ్గ ఊసెత్తితే లేచి వెళ్లిపోయేది. అలాంటి మణి, కొన్నేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, నేను కొట్లో ఉండగా ఫోన్ చేసింది.

"వదినా, నువ్వు నవ్వకూడదు."

"నవ్వనులే, సెప్పు."

"ఇక్కడికి విశాఖ నుంచి ఒక డాక్టరమ్మ అప్పుడప్పుడు వస్తన్నారంట. ఒంట్లో ఒక చోటి నుంచి కొవ్వు తీసి, పల్లంగా ఉన్న చోట పెడతారంట. మా స్కూల్లో మేడమ్ ఒకావిడ చెప్పింది. నా బుగ్గ ఒకసారి చూపించుకుందునా అని..."

అక్కడ ఆగిపోయింది. ఇన్నేళ్లలో తనంతట తాను బుగ్గ మాట ఎత్తడం అదే మొదలు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇలాంటప్పుడు పెద్దదాన్నైన నేను నోరు మూసుకుని వినాలి. నేను నోరు తెరిచాను.

"కొవ్వా? నీ ఒంట్లో కొవ్వెక్కడుందే అమ్మీ! సీపురుపుల్లకి సీర కట్టినట్టుంటావు."

"అదే వదినా, నాకూ సరిగ్గా అర్థం కాలేదు..."

"నాకు అర్థమైపోయింది. నువ్వు బెంగెట్టుకోకు. నేనున్నాను కదా!"

"నువ్వుండి ఏటి చేస్తావు వదినా?"

"నువ్వు ఫోన్ పెట్టీ. అంతా నేను సూసుకుంటాను."

నాకు ఏం అర్థమైందో మీకు చెప్పాలి. మా బజారులో ఒక పద్ధతి ఉంది. నారాయణపట్న నుంచి బేరగాడు వచ్చి ఆవనూనె అడిగాడనుకోండి, మన దగ్గర లేకపోయినా లేదని చెప్పం. పక్క కొట్టు నుంచి నాలుగు టిన్నులు బదులు తెచ్చి అతనికి ఇచ్చేస్తాం. మన లోడు దిగాక వాళ్లకి తిరిగి పంపిస్తాం. ఎవరి గొడౌనుదైతేనేం, నూనె నూనే కదా! ఆ లెక్కన మణి కొట్లో సరుకు లేదు. పక్క కొట్టు, అంటే నేను, గొడౌను కప్పు దాకా నిండి ఉన్నాను. ఇంక ఆలోచించడానికేముంది?

నిజం చెప్పొద్దూ, ఆ త్యాగం వెనకాల చిన్న స్వార్థం కూడా ఉంది. దానికి బుగ్గ వస్తుంది, నాకు పొట్ట పోతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారు గానీ, ఇక్కడ సొమ్మూ నాదే, దానమూ నాదే, పుణ్యమూ నాదే, నడుమూ నాదే.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన ఏ సంగతైనా రెండుసార్లు చెబితే గానీ బుర్రకెక్కించుకోరు. ఎక్కించుకున్నాక ఇక దించరు.

"నీ కొవ్వు తీసి దాని బుగ్గలో పెడతారా?"

"అవునండీ."

"నీది? దానికి?"

"అవునంటే!"

"కాసి పోస్తారా, పచ్చిదే పోస్తారా?"

ఆ అనుమానం నాకు రాలేదు. ఇద్దరం ఫోన్‌లో వీడియో ఒకటి పెట్టుకుని చూశాం. అందులో చర్మం కింద ముందు ఏదో మందునీళ్లు ఎక్కించారు. తర్వాత సన్నటి గొట్టం పెట్టి కొవ్వు లాగారు. లాగినదాన్ని నిలబెడితే పైకి నూనె తేలింది, అడుగుకి ఎర్రనీళ్లు దిగాయి, మధ్యలో పసుపుపచ్చగా, పూస కట్టిన నెయ్యిలాగా అసలు సరుకు నిలిచింది. పైదీ కిందదీ తీసేసి ఆ మధ్యదాన్ని చిన్న చిన్న సిరంజిల్లోకి ఎక్కించారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మడ్డి దిగేదాకా టిన్ను కదపకూడదని కొట్లో రోజూ గొంతు చించుకునేది నేనే కదా!

"కాయరండి. తేరబెడతారు. మనం నూనె తేరబెట్టినట్టే."

"తరుగు పోద్దా?"

"కొంత పోద్దంట. పెట్టినదంతా నిలవదంట. అందుకని కాస్త ఎక్కువ పెడతారంట."

"అంటే కొసరు."

"కొసరేనండి."

మా ఆయన కాసేపు కప్పు వంక చూసి, "అయితే నువ్వు కాస్త ఎక్కువ సరుకే తయారు సెయ్యాలి," అన్నారు గంభీరంగా.

ఎవరిది తీసి ఎవరికి పెడుతున్నారో ఆ వీడియోలో చెప్పారా అంటారా? చెప్పే ఉంటారు. సరిగ్గా ఆ ముక్క దగ్గర పోపు మాడుతోందని నేను వంటింట్లోకి పరిగెత్తాను. మా ఆయన అక్కడే ఉన్నారు గానీ, కళ్లజోడు నా దగ్గర ఉండిపోయింది. కళ్లజోడు లేకపోతే ఆయనకి వినపడదు.

మర్నాటి నుంచి మా ఇంట్లో యజ్ఞం మొదలైంది. పొద్దున్నే స్టేషన్ దాకా నడిచివచ్చే అలవాటు మానేశాను, ఉన్న సరుకు ఎండలో కరగబెట్టడమెందుకని. పెసరట్టు మీద నెయ్యి, ఉప్మా మీద నెయ్యి, పప్పులో నెయ్యి. సాయంత్రానికి కాజాలు. వారానికోసారి ఒడియావాళ్ల మిఠాయి కొట్టు నుంచి, విరిగిన పాలతో కాల్చిన ఛెనాపోడొ. ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టుకున్నాను. డాల్డా ముట్టలేదు. రేపు మణి బుగ్గలోకి వెళ్లేది కదా, నాసిరకం పెడతానా? అచ్చమైన నేతి సరుకే పెట్టాలనుకున్నాను.

"ఇంక సాలండీ," అనేదాన్ని ఆయాసపడుతూ.

"ఇంకో రెండు కాజాలు ఏసుకో. మణి కోసం," అనేవారు మా ఆయన.

మణి పేరు చెబితే నేను కాదనలేను. ఆ బలహీనత ఆయనకి తెలుసు.

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆపరేషనూ లేదు డాక్టరూ లేదు, తగ్గబోయే ఒంటికి ముందే జాకెట్లు కుట్టించడానికి ఇచ్చాను. దర్జీ నేను చెప్పిన కొలత విని, టేపు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు.

"అమ్మా, ఈ కొలత ఎవరిదండి?"

"నాదే."

"మీదా అండి?"

"నాదేనయ్యా. వచ్చే నెలది."

ఈ దర్జీ ద్వారానో, మా ఆయన ద్వారానో సంగతి కామేశ్వరమ్మ మామ్మగారికి చేరింది. ఆవిడ మా వీధి భజన బృందానికి పెద్ద. ఆవిడకి తెలిస్తే పేపర్లో వేసినట్టే. శుక్రవారం భజన అయ్యాక, మంగళహారతి పళ్లెం కింద పెట్టి, నన్ను ముందుకి పిలిచారు.

"రక్తదానం సేసినోళ్లని సూసేం. నేత్రదానం సేసినోళ్లని సూసేం. ఆడపడుచుకి ఒంట్లో కొవ్వు కోసిచ్చే వదిన్ని ఎక్కడన్నా సూసేమా అమ్మా?"

"నేదు, నేదు!" అన్నారందరూ.

దండ వేశారు. శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమన్నారు. "ఇందులో నా గొప్పేటి నేదండి. ఉన్నది ఇస్తన్నాను," అన్నాను, కళ్లు దించుకుని. అంత వినయం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. అందరూ ప్రసాదం నాకే ఎక్కువ పెట్టారు. వెళ్లేటప్పుడు ఒకావిడ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగి, "వదినగారూ, మా కోడలు కూడా మరీ ఎండిపోయింది. నాది కూడా కాస్త తీసి దానికి ఇప్పించండి," అని గుసగుసలాడింది. మణిది అయ్యాక చూద్దాంలెండి అని భరోసా ఇచ్చి పంపాను.

నా దానం సంగతి ఫోన్‌లో విన్న దగ్గర్నుంచి కొరాపుట్‌లో మణికి మాత్రం రోజురోజుకీ గొంతు సన్నబడిపోతోంది.

"వదినా, నీకు నొప్పి పుడతాదేమో."

"నాకేటి నొప్పి! పులికి సార ఒకటి తగ్గితే ఏటి!"

"వదినా, ఇది వద్దేమో వదినా..."

"నోరు మూసుకో అమ్మీ. శాలువా కూడా కప్పీసేరు."

దానిది మొహమాటం అనుకున్నాను. భయం అని తెలుసుకునే తెలివి నెయ్యి తాగితే రాదు.

డాక్టరమ్మ వచ్చే రోజుకి రైలెక్కాను. కొట్టు చూసుకోవడానికి మా ఆయన ఉండిపోయారు. రాయగడ నుంచి కొరాపుట్ వెళ్లే దారిలో సొరంగాలు చాలా వస్తాయి. ఒక్కో సొరంగంలో చీకటి పడినప్పుడల్లా పొట్ట తడుముకుని, "ఇంకొన్నాళ్లే," అని దానికి వీడ్కోలు చెప్పుకున్నాను. స్టేషన్లో మణి నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"వదినా! ఏటిది? ఇంత లావైపోయేవేటి?"

"ఏటంటావేటే? ఇదంతా నీదే! డాల్డా ముట్టలేదు, అచ్చమైన నేతి సరుకు!"

అది నవ్వలేదు. ఆటోలో క్లినిక్ చేరేదాకా నా చెయ్యి వదలలేదు. ఎప్పటిలాగే ఎడమ బుగ్గ లోకానికి కనపడకుండా నా భుజం వైపు పెట్టుకుని కూర్చుంది.

క్లినిక్‌లో నర్సు ఒడియా పిల్ల. "పేషెంట్ కియె?" అంది, ఎవరని.

"ఇద్దరం," అన్నాను. "ఇది పుచ్చుకునేది. నేను ఇచ్చేదాన్ని."

"కణ?" అంది, ఏమిటన్నట్టు. నాకు ఒడియా బేరానికి సరిపడా వచ్చు గానీ, దానధర్మాలకి సరిపడా రాదు. పొట్ట చూపించి, మణి బుగ్గ చూపించి, మధ్యలో గాలిలో వేలితో గీత గీశాను. ఆ పిల్లకి ఏమర్థమైందో, నా దండచేతికి బి.పి. పట్టీ చుట్టింది. ఒక పట్టీ సరిపోక పెద్దది తెచ్చింది. గాలి కొట్టి, అంకెలు చూసి, కళ్లు పెద్దవి చేసింది.

"మావుసీ! బి.పి. బహుత్ బేసి!"

చాలా ఎక్కువగా ఉందని మణికి అర్థమైంది. అంతే, అది బ్యాగు తీసుకుని లేచి నిలబడింది.

"పద వదినా. ఇంటికెళ్లిపోదుం."

"ఏటే?"

"నాకొద్దు. నా బుగ్గ ఇలగే ఉండనీ. నీకేటైనా అయితే ఆ బుగ్గ పెట్టుకుని నేనేటి చేసుకుంటాను?"

"ఒలే, ఇన్నాళ్లూ నీకోసం తిన్నేనే!"

"నేను తినమన్నానా వదినా? నిన్ను కోసి నాకు పెడతానంటే ఎలగ ఒప్పుకుంటాననుకున్నావు? అమ్మ లేదు. ఉన్నది నువ్వొక్కదానివి..."

ఏడుస్తూ గుమ్మం వైపు నడిచింది. నాకు నిజంగా భయం వేసింది. అది ఆ గుమ్మం దాటితే ఇక బుగ్గ మాట ఎత్తదు. ఇన్నేళ్లకి కూడగట్టుకున్న ధైర్యం, నా దానం చూసి బెదిరి పారిపోతోంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ నేను మందు కూడా వెయ్యలేదు, ఊరికే తిన్నాను.

ఈ గోలకి లోపలి నుంచి డాక్టరమ్మ వచ్చింది. మణి కన్నా నాలుగైదేళ్లు పెద్దదేమో. "ఏమైందమ్మా? ఎందుకు ఏడుస్తున్నారు?" అని ఇద్దర్నీ లోపల కూర్చోబెట్టింది.

"ఇది నా మరదలండి," అన్నాను. "బుగ్గ సూడండి. సరుకు నా దగ్గరుంది. ఎంత కావాలంటే అంత తీసీయండి. మొహమాటపడకండి."

"ఏం తీసెయ్యాలి?"

"కొవ్వండి."

"ఎవరికి పెట్టడానికి?"

"దానికండి."

"మీది తీసి... ఆవిడకా?"

"బదులండి," అన్నాను, ఇంత చదువుకుని ఇంత చిన్న సంగతి తెలియదే అని జాలిపడి. మా బజారు పద్ధతి అంతా వివరంగా చెప్పాను. ఆవిడ పెదవి కొరుక్కుని విన్నది. తర్వాత నీళ్లు తాగింది. ఆ తర్వాత మెల్లగా అంది:

"అమ్మా, ఈ వైద్యంలో ఎవరి కొవ్వు వాళ్లకే పెట్టాలి. మీది పెడితే ఆవిడ ఒళ్లు ఒప్పుకోదు. పరాయిదని పట్టేసి పాడుచేసేస్తుంది."

"పరాయేటండి! నేను పెంచేనండి దాన్ని!"

"మీరు పెంచారని ఒంటికి తెలియదు కదమ్మా."

"మరి రక్తం ఒప్పుకుంటాది కదండీ?"

"రక్తం గ్రూపు చూసి ఎక్కిస్తాం. అది కొన్నాళ్లు పనిచేసి పోతుంది. కొవ్వు అలా కాదు, పెట్టినచోటే ఎప్పటికీ బతకాలి. వరి నాట్లు చూశారా?"

"రాయగడలో ఉండి నాట్లు సూడకపోవడమేటండి."

"నారుకట్ట మొత్తం తెచ్చి ఒకేచోట పడేస్తే ఏమవుతుంది?"

"కుళ్లిపోద్ది."

"కదా! అందుకని విడివిడిగా నాటుతారు. మేం కూడా అంతే. తీసిన కొవ్వుని శుభ్రం చేసి, సన్నటి గొట్టంతో కొంచెం కొంచెంగా, చారలు చారలుగా, పొరల మధ్యలో పెడతాం. చుట్టూ ఉన్న రక్తం అందిన కణాలు బతుకుతాయి. అందనివి కరిగిపోతాయి. ఒక్కోసారి కొన్ని నెలలాగి మళ్లీ పెట్టాల్సి వస్తుంది."

నాట్లు అర్థమయ్యాయి, తరుగు అర్థమైంది. నేనెందుకు పనికిరానో మాత్రం ఇంకా బుర్రకెక్కలేదు. "మరి దీని ఒంట్లో ఎక్కడుందండీ? అన్నం తిన్నా కాకి ఎత్తుకెళ్లినట్టుంటాది!" అన్నాను. డాక్టరమ్మ మణిని తెర వెనక్కి తీసుకెళ్లి పరీక్ష చేసి వచ్చింది.

"తొడ దగ్గర కావలసినంత ఉంది. సన్నవాళ్లకి కూడా ఎక్కడో ఒకచోట ఉంటుంది. అయినా ఈ బుగ్గకి ఎంత కావాలనుకున్నారు? రెండు మూడు చెంచాలు."

నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను. రెండు మూడు చెంచాలట! నేను గొడౌను నింపుకుని వచ్చాను!

"పెద్ద సెంచాలాండి, టీ సెంచాలాండి?" అన్నాను ఆఖరి ఆశతో.

"టీ చెంచాలే."

"మరి ఇదంతా ఏటి సెయ్యాలండి?" అన్నాను, ఒళ్లో ఉన్న నా పొట్టని చూపించి.

"మీ పొట్టది తీసి మీలోనే పల్లంగా ఉన్నచోట పెట్టొచ్చు. కొంతమందికి నడుం దగ్గర తీసి తుంటి దగ్గర పెడతాం. ఒంటి తీరు సరిచేయడం అన్నమాట. మీకెక్కడైనా పల్లంగా ఉందా?"

తల నుంచి పాదం దాకా వెతుక్కున్నాను. బుగ్గలు పూరీల్లా ఉన్నాయి. చేతులకి జాగా లేదు. తుంటి సంగతి కుర్చీనడగాలి. బుర్రలో తప్ప నాకెక్కడా పల్లం కనిపించలేదు.

"పోనీ ఊరికే తీసి పారీయండి."

"ఇది బరువు తగ్గించే వైద్యం కాదమ్మా, తీరు దిద్దే వైద్యం. దానికైనా ముందు బరువు నిలకడగా ఉండాలి. ఈమధ్య మీ బరువు నిలకడగా ఉందా?"

నేను గోడ మీద బొమ్మ వైపు చూశాను. మణి మాత్రం ఊరుకోలేదు. "నెయ్యి తాగుతోంది డాక్టరుగారూ! నా బుగ్గ కోసం! డాల్డా కాదు, అచ్చమైన నెయ్యి!" అంటూనే పగలబడి నవ్వడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ ఇంక ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేసింది. తెలుగు రాని నర్సు పిల్ల కూడా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, ఆ సిగ్గులోనే ఒకటి చూశాను. మణి ముఖం తిప్పుకోకుండా నవ్వుతోంది.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "నాదే నాకు పెడతారంటే చేయించుకుంటాను డాక్టరుగారూ," అంది. అప్పటికి నా ఊపిరి కుదుటపడింది. నాకు రాసిచ్చింది మాత్రం బి.పి. మాత్రలు, పొద్దుటి నడక.

విశాఖలో ఆ పని జరిగింది. అదే రోజు సాయంత్రానికి మణి బుగ్గ వాచి బూరెలా అయింది, తొడకి బిగుతు పట్టీ వేశారు. నేను వెంటనే డాక్టరమ్మకి ఫోన్ చేసి, "కొసరు ఎక్కువైపోయిందండి!" అన్నాను. వాపమ్మా, తగ్గుతుంది అంది. తగ్గడం మొదలయ్యాక మళ్లీ ఫోన్ చేసి, "తరిగిపోతోందండి!" అన్నాను. వాపు తీస్తోందమ్మా, ఉండేది ఉంటుంది అంది. పెరిగితే భయం, తగ్గితే భయం, ఏది వాపో ఏది బుగ్గో తెలియక నాకు పిచ్చెక్కింది. దానికి తోడు మణిని బరువు తగ్గొద్దన్నారు, నన్ను తగ్గమన్నారు. ఒకే పొయ్యి మీద ఎవరికేం వండాలో, ఎవరు ఏది తినాలో అంతా గందరగోళమైపోయింది. ఆ గందరగోళంలో కాజాలన్నీ మా ఆయన తినేశారు.

కొన్ని నెలలకి, వాపంతా తీసి బుగ్గ నిలిచాక, మణి సెలవులకి రాయగడ వచ్చింది. ఆ శుక్రవారం భజన మా ఇంట్లోనే. అసలు సంగతి నేను బజారులో ఎవరికీ చెప్పలేదు. చెబుదామనుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు నా పొట్ట వంక చూసి, "ఎంత ఇచ్చినా తరగని తల్లివమ్మా!" అని దణ్ణం పెట్టేవారు. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

కామేశ్వరమ్మ మామ్మగారు వస్తూనే మణి గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పారు. బుగ్గ నిమిరారు.

"ఓలమ్మ! అచ్చం వదిన బుగ్గే! పోలిక సూడండర్రా!"

అందరూ మూగారు. ఒకావిడకి నా రంగు కనిపించింది. ఇంకొకావిడకి నా నునుపు కనిపించింది. కోడలికి ఇప్పించమన్నావిడ తన వంతు ఎప్పుడని అడిగింది. ఇక దాచితే ఈవిడ తన కోడల్ని పట్టుకుని రైలెక్కేస్తుందని భయపడి, కళ్లు మూసుకుని చెప్పేశాను.

"మామ్మగారూ, అది నా కొవ్వు కాదండి. ఎవరిది వాళ్లకే పెడతారంట. దాని తొడలోదే తీసి దానికి పెట్టేరు. నాది ఒక్క సుక్క కూడా తియ్యలేదు."

మామ్మగారు నన్ను, నా పొట్టని, దణ్ణాలు పెట్టిన తన చేతుల్ని చూసుకున్నారు. ఏం అంటారో అని నేను గోడకి ఆనుకున్నాను. అప్పుడు మణి మాట్లాడింది. దీపం వెలుగులో, అంతమంది ఆడవాళ్ల వైపు నేరుగా తిరిగి, ఎడమ బుగ్గ దాచుకోకుండా మాట్లాడింది.

"నా తొడలో ఆ కొవ్వు ఎక్కడి నుంచి వచ్చింది మామ్మగారూ? నాకు చిన్నప్పట్నుంచీ ముద్దలు కలిపి పెట్టింది ఎవరు? డాక్టరమ్మకి తెలియక నాదన్నారు గానీ, అది వదినదే."

మామ్మగారు వేళ్ల మీద లెక్క వేసుకున్నారు. ఎంతైనా వర్తకుల ఇంటి మనిషి.

"మరే! సరుకు వదినది. గొడౌను మాత్రం దానిది. ఎప్పుడో దింపీసిన లోడది," అని తేల్చేశారు.

నేను ఏడ్చాను. భజన మొదలైనా ఏడుస్తూనే ఉన్నాను. మణి నా పక్కనే, నా వైపు ఎడమ బుగ్గ పెట్టి కాదు, అందరి వైపూ ముఖం పెట్టి కూర్చుని తాళం వేసింది.

కాబట్టి మా రాయగడ అమ్మవారు మజ్జిగౌరమ్మ సాక్షిగా, చదువుతున్న మీ అందరి సాక్షిగా, కుడి చెయ్యి పొట్ట మీద వేసుకుని ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఎవరికి ఏం తక్కువైనా సరే, ముందు అడుగుతాను, ఆ తర్వాతే తింటాను.